పెట్రోలుకు అలుగు



రెగ్యులేటరు అనగానే మన ఇళ్ళల్లో రెండే గుర్తుకొస్తాయి. ఒకటి ఫ్యానుది, రెండోది గ్యాసు బండది. రెండింటి వరసా ఒకటే. కరెంటు గానీ గ్యాసు గానీ ముందు రెగ్యులేటరు గుమ్మం దాటాలి, ఆ తర్వాతే ఫ్యానుకో పొయ్యికో చేరాలి. ఈ వరస బుర్రలో పెట్టుకునే మా మేనల్లుడు తన కారుకు పెట్రోలు రెగ్యులేటరు బిగించబోయాడు. ఒకరోజు పొద్దున్నే విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన షెడ్డు నుంచి ఫోన్ చేసి, "మామయ్యా, అన్నీ బిగించాం, స్టార్టయింది, కానీ గేజిలో ముల్లు లేవట్లేదు" అన్నాడు. బస్సెక్కి వెళ్ళాను. ఆ వెళ్ళిన రోజు, తర్వాత ఇంకో రెండు ఆదివారాలు, ఆ ఒక్క చిన్న డబ్బా చుట్టూ తిరిగాం. ఈ పూట ఆ కథే చెబుతాను. రేడియోలో బొమ్మ గీసి చూపించలేను కాబట్టి మీరే కాస్త ఊహించుకోవాలి.

వాడిది 2001 మోడల్ హోండా సిటీ వీటెక్. లీటరున్నర ఇంజను, కంపెనీ లెక్క ప్రకారం 106 హార్స్‌పవర్. ఈ పాత బండిని ఇప్పటికీ కుర్రాళ్ళు వెతికి వెతికి కొంటారు. మావాడు దానికి టర్బో పెట్టించాడు. రోడ్డు మీద తిప్పడానికి కాదు, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే అనే రేసు ట్రాకులో తిప్పుకోవడానికి. టర్బో వచ్చిందంటే గాలి ఎక్కువ వెళ్తుంది, గాలి పెరిగితే పెట్రోలూ పెరగాలి. అందుకని టాంకులో ఉన్న కంపెనీ పంపు తీసేసి, గంటకు 255 లీటర్లు తోడే వాల్‌బ్రో పంపు వేయించాడు. తగాదా అక్కడే మొదలైంది.

ఇంజను ఊరికే నిలబడి తిరుగుతున్నప్పుడు, అంటే స్లో స్పీడులో, గంటకు ఎంత పెట్రోలు తాగుతుంది? ఆ సైజు ఇంజను అయితే సుమారు ఒక లీటరు. పంపు మాత్రం ఆగకుండా వందల లీటర్ల లెక్కన తోసుకుపోతూనే ఉంటుంది. మిగిలినదంతా ఎక్కడికి పోవాలి? తిరిగి టాంకులోకి. అంటే ఆ పైపుల్లో నడిచే పెట్రోలులో ముప్పాతిక మూడొంతులు కాదు, దాదాపు మొత్తం, ఇంజను మొహం చూసి వెనక్కి వచ్చేసేదే. కంపెనీ రెగ్యులేటరు తన కాలపు చిన్న పంపుకు సరిపడా చేసింది. పెద్ద పంపు తోసే ధారను అది వదలలేదు. వదల్లేకపోతే ఒత్తిడి పెరుగుతుంది, ఇంజెక్టర్లు అవసరానికి మించి చిమ్ముతాయి, సైలెన్సరు నల్లటి పొగ కక్కుతుంది. మావాడి బండికి సరిగ్గా ఇదే జరిగింది. అందుకని షెడ్డు మేస్త్రి చెప్పిన మీదట మరతో ఒత్తిడి మార్చుకునే రెగ్యులేటరు కొన్నాడు. ఎడ్జస్టబుల్ రెగ్యులేటరు అంటారు షెడ్డులో.

ఇక వాడి పొరపాటు. గ్యాసు బండ వరస ప్రకారం దాన్ని పంపుకూ ఇంజనుకూ మధ్య పెట్టాడు. ఆలోచన పూర్తిగా తప్పేమీ కాదు. పాత కార్బురేటరు బండ్లలో అలాగే పెడతారు. కార్బురేటరుకు నాలుగైదు పీఎస్ఐ ఒత్తిడి చాలు, అంతకు మించితే గిన్నె పొంగిపోతుంది. కాబట్టి దారిలో అడ్డం నిలబడి తగ్గించే రెగ్యులేటరు కావాలి. ఇంజెక్షన్ బండి కథ వేరు. ఇక్కడ రెగ్యులేటరు ఇంజనుకు ముందు కాదు, తర్వాత ఉండాలి.

మావాడికి ఇది ఎంత చెప్పినా ఎక్కలేదు. చివరికి చెరువు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. చెరువుకు అలుగు ఉంటుంది కదా, తెలంగాణలో మత్తడి అంటారు. అలుగు ఎక్కడ ఉంటుంది? కాలువ నీళ్ళు చెరువులో చేరే చోట కాదు, నిండిన చెరువు నుంచి నీళ్ళు బయటికి పోయే చోట. అలుగు నీళ్ళను లోపలికి పంపదు. ఎక్కువైన నీళ్ళను బయటికి వదులుతుంది. ఆ వదలడంతోనే చెరువులో మట్టం ఒకేచోట నిలబడుతుంది. అలుగు మీద ఒక వరస రాయి పేర్చారనుకోండి, మట్టం అంత ఎత్తు పెరుగుతుంది. తీసేస్తే తగ్గుతుంది. మన పెట్రోలు రెగ్యులేటరు అచ్చంగా ఇదే. చెరువు స్థానంలో ఇంజెక్టర్లు నాలుగూ తగిలించి ఉండే లోహపు గొట్టం ఉంటుంది, దాన్ని రైలు అంటారు. పెట్రోలు టాంకు నుంచి బయల్దేరి పంపు, ఫిల్టరు దాటి రైలులో ఒక కొసన దిగుతుంది. రెండో కొసన రెగ్యులేటరు. అక్కణ్ణుంచి రిటర్న్ పైపు, మళ్ళీ టాంకు. మర బిగిస్తే అలుగు మీద రాయి పెట్టినట్టు, వదులు చేస్తే తీసినట్టు.

ఈ మాట చెప్పాక వాడి మొహం వెలిగింది. "అయితే మామయ్యా, ముల్లు లేవకపోవడానికి కారణం...?" అన్నాడు. అలుగు కాలువ మొదట్లో పెట్టేశావురా, నీళ్ళన్నీ చెరువు చేరకుండానే పక్కకు పోతున్నాయి, పైగా రైలు చివరన పాత రెగ్యులేటరు అలాగే ఉంచేశావు అన్నాను. రెండు అలుగులున్న చెరువులో తక్కువ ఎత్తు ఉన్నదే మట్టాన్ని తేలుస్తుంది. ఎక్కువ ఎత్తున్నది ఎంత అందంగా కట్టినా దండగే.

ఈ రెండు అలుగుల మాట ఇప్పటి కొత్త కార్లకు మరీ ముఖ్యం. చాలా కొత్త బండ్లలో బానెట్ కింద రిటర్న్ పైపే కనిపించదు. రెగ్యులేటరు టాంకులోనే, పంపు పక్కనే కూర్చుంటుంది. ఇంజను దాకా వెళ్ళి వేడెక్కిన పెట్రోలు తిరిగి టాంకులో పడితే ఆవిరి ఎక్కువ పుడుతుంది. ఆ ఆవిరిని తగ్గించాలనే ఆ ఏర్పాటు. అలాంటి బండికి బయట ఎడ్జస్టబుల్ రెగ్యులేటరు పెట్టాలంటే టాంకులోని దాన్ని మూసేయాలి, టాంకు దాకా కొత్త రిటర్న్ పైపు లాగాలి. నన్నడిగితే ఆ జోలికి పోకపోవడమే మేలు.  

సరే, ఆ మొదటి ఆదివారం పాత రెగ్యులేటరు విప్పేశాం. అది రైలుకు రెండు బోల్టులతో, ఒక రబ్బరు రింగుతో బిగించి ఉంటుంది. ఆ చోట అడాప్టరు పెట్టి, అక్కణ్ణుంచి హోస్ వేసి, కొత్త రెగ్యులేటరును కారు గోడకు బిగించాం. ఇక్కడ తప్పు చేసింది నేనే. ముప్పై ఏళ్ళు పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి, డబ్బాలో వచ్చిన కాగితం చదవకుండా పైపులు తగిలించాను. ఆ రకం రెగ్యులేటరులో పక్కన ఉన్న రెండు రంధ్రాలూ పెట్రోలు లోపలికి వచ్చేవి, అడుగున ఉన్నది రిటర్న్. నేను అడుగు దానికి రైలు పైపు కలిపాను. తాళం తిప్పగానే పంపు గుయ్యిమంది, 100 పీఎస్ఐ గేజిలో ముల్లు ఒక్క ఊపున చివరిదాకా పోయి కొట్టుకుంది. మేస్త్రి చటుక్కున తాళం లాగేశాడు. "గురువుగారూ, కాగితం ఒకసారి చూద్దామా?" అన్నాడు, నవ్వకుండా. ఆ నవ్వకపోవడమే ఎక్కువ గుచ్చుకుంది.

అలా ఎందుకవుతుందో చెప్పాలి. రెగ్యులేటరు లోపల అడ్డంగా ఒక పల్చటి పొర ఉంటుంది, డయాఫ్రం. పై అరలో స్ప్రింగు ఆ పొరను కిందికి నొక్కుతుంది, కింది అరలో పెట్రోలు దాన్ని పైకి నెడుతుంది. పొరకు అంటుకుని ఒక చిన్న మూత, రిటర్న్ రంధ్రం మీద కూర్చుని ఉంటుంది. పెట్రోలు ఒత్తిడి స్ప్రింగును మించగానే మూత లేస్తుంది, ఎక్కువైంది రిటర్న్‌లోకి జారిపోతుంది. పెట్రోలుకు ఆ పొర అంతటినీ నెట్టే అవకాశం ఉంది కాబట్టే స్ప్రింగుతో సమానంగా తూగుతుంది. తిరగేసి కలిపితే దానికి దొరికేది ఆ చిన్న మూతంత చోటు మాత్రమే. అరచేత్తో నెట్టాల్సిన తలుపును చిటికెన వేలితో నెట్టినట్టు. ఎంత బలం పెడితే తెరుచుకోవాలి?

రెండో ఆదివారం రిటర్న్ పైపుతోనే సరిపోయింది. పైపులు సరిగ్గా కలిపాం, స్లో స్పీడులో ముల్లు 55 దగ్గర నిలబడింది. మాకు కావలసింది 43న్నర. మర పూర్తిగా వదులు చేసినా 55 కంటే దిగలేదు. మావాడు కొత్త రెగ్యులేటరు డూప్లికేటేమో అన్నాడు. కాదు. రెగ్యులేటరు దాటాక దారి ఇరుకు. పాత రిటర్న్ పైపు చిన్నది, దానికి తోడు ఒకచోట మెలిక పడి నొక్కుకుపోయి ఉంది. అలుగు దాటిన నీళ్ళు పోయే వాగు పూడిపోతే, అలుగు ఎంత పొట్టిగా ఉన్నా చెరువులో మట్టం దిగదు కదా. ఒక పరీక్ష గుర్తుపెట్టుకోండి: మర మొత్తం వదులు చేసినా ఒత్తిడి బాగా తగ్గకపోతే రెగ్యులేటరును తిట్టకండి, దాని వెనకాల పైపు చూడండి. పైపు మార్చాక ముల్లు మాట విన్నది.

43న్నర ఏమిటి అంటారా? 3 బార్ అంటే 43న్నర పీఎస్ఐ. చాలా ఇంజెక్షన్ బండ్లకు ఆ చుట్టుపక్కలే ఉంటుంది. మీకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, కారు టైరులో గాలి 30, 33 పెట్టిస్తాం కదా, అంతకు సుమారు ఒకటిన్నర రెట్లు.

ఇక సన్న పైపు సంగతి. రెగ్యులేటరు నెత్తిన ఒక చిన్న ముక్కు ఉంటుంది. దాని నుంచి వేలి కంటే సన్నటి హోస్ ఒకటి ఇంజను గాలి పీల్చుకునే మేనిఫోల్డుకు వెళ్తుంది. వాక్యూం పైపు అంటారు. చాలామంది దీన్ని ఎందుకూ కొరగానిదిగా చూస్తారు. ఊడిపోతే పట్టించుకోరు. టర్బో బండిని కాపాడేదీ, కాల్చేదీ ఈ పైపే.

ఇంజెక్టరు మూతి మేనిఫోల్డులోకి తెరుచుకుని ఉంటుంది. స్లో స్పీడులో అక్కడ గాలి ఒత్తిడి బయటి గాలి కంటే సుమారు 0.65 బార్ తక్కువ, అంటే ఇంజను పెట్రోలును కూడా పీలుస్తోందన్న మాట. టర్బో ఊదుతున్నప్పుడు అదే చోట, మావాడి బండిలో, 0.7 బార్ ఎక్కువ. అంటే పెట్రోలుకు ఎదురు తోస్తోంది. రెండు చోట్లా రైలులో ఒత్తిడి 3 బారే ఉంటే ఇంజెక్టరు ఒకసారి ఎక్కువా ఒకసారి తక్కువా చిమ్ముతుంది. అందుకే ఆ సన్న పైపు మేనిఫోల్డు కబురును స్ప్రింగు వైపు అరకు మోస్తుంది. పీలుస్తున్నప్పుడు రైలు ఒత్తిడి 2.35కు దిగుతుంది, ఊదుతున్నప్పుడు 3.7కు ఎక్కుతుంది. రైలుకూ మేనిఫోల్డుకూ మధ్య తేడా మాత్రం ఎప్పుడూ 3 బారే. ఆ తేడాను నిలబెట్టడమే రెగ్యులేటరు ఉద్యోగం.

ఆ పైపు ఊడిందనుకోండి. టర్బో 0.7 ఊదుతుంటే తేడా 2.3కు పడిపోతుంది, ఇంజెక్టరు చిమ్మేది సుమారు 12 శాతం తగ్గుతుంది. ఎక్కువ గాలి, తక్కువ పెట్రోలు, అదీ ఇంజను ప్రాణం పెట్టి లాగుతున్న క్షణంలో. ముందు నాకింగు, ఆ తర్వాత కరిగిన పిస్టను. కాబట్టి ఆ పైపును థ్రాటిల్ దాటాక మేనిఫోల్డు నుంచే తీసుకోవాలి, వేరే వాటితో పంచుకోకుండా దానికంటూ ఒక ముక్కు ఇవ్వాలి, రెండు చివర్లా పట్టీ వేసి బిగించాలి. టర్బో ఊదితే ఉత్త చేత్తో తోసిన హోస్ ఎగిరిపోతుంది. అప్పుడప్పుడు ఆ పైపు ఊడదీసి వాసన చూడండి. లోపల పెట్రోలు తడి ఉంటే డయాఫ్రం చిరిగిందని అర్థం, ఆ రెగ్యులేటరుతో ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు.

సెట్టింగు చేసేటప్పుడు మాత్రం ఆ సన్న పైపు తీసేయాలి, మేనిఫోల్డు వైపు కొసను మూసేయాలి. ఇంజను స్లో స్పీడులో తిరుగుతుండగా చెక్‌నట్ వదులు చేసి, మరను కొంచెం కొంచెంగా తిప్పి 43న్నరకు తెచ్చి, మళ్ళీ చెక్‌నట్ బిగించాలి. మూడో ఆదివారం మధ్యాహ్నం మేం అదే చేశాం. పైపు మళ్ళీ తగిలించగానే ముల్లు 34కు దిగి నిలబడింది. మేస్త్రి ఒక్క మాట అనలేదు, టీ చెప్పాడు.

టీ తాగుతూ మావాడు మనసులో మాట బయటపెట్టాడు. "మామయ్యా, ఇంకో రెండు చుట్లు బిగిస్తే పవర్ పెరుగుతుందా?" ఈ రెగ్యులేటరు కొనే పదిమందిలో తొమ్మండుగురి మనసులో ఉండేది ఇదే. పెరగదు. పెట్రోలు ధార ఒత్తిడితో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. 3 బార్‌ను 4 చేస్తే ఒత్తిడి మూడోవంతు పెరిగింది, పెట్రోలు పెరిగేది 15 శాతం చిల్లర. రెట్టింపు పెట్రోలు కావాలంటే ఒత్తిడి నాలుగు రెట్లు, అంటే 12 బార్ కావాలి. ఈ పంపుల వల్ల అయ్యే పని కాదది. పైగా ఒత్తిడి పెరిగేకొద్దీ పంపు తోసే లీటర్లు తగ్గుతాయి. పెట్రోలు చాలకపోతే పెద్ద ఇంజెక్టర్లు వేసుకోవాలి, కారు కంప్యూటరులో ఆ లెక్క మార్పించుకోవాలి. రెగ్యులేటరు మరతో పవర్ అమ్మేవాడి దగ్గర జేబు జాగ్రత్తగా చూసుకోండి.

పైపుల నాణ్యత గురించి మాట్లాడకుండా ఈ ప్రసంగం ముగిస్తే నేరం. ఇంజెక్షన్ బండికి మామూలు నల్ల రబ్బరు పైపు పనికిరాదు. హోస్ ఒంటి మీద అచ్చు చూడండి. ఎస్.ఏ.ఈ. 30 ఆర్ 9 అని ఉండాలి, లేదా టెఫ్లాన్ లోపొర ఉండి పైన స్టీలు జడ అల్లిన హోస్ కావాలి. మన బంకుల్లో ఇప్పుడు వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత బండి పాత రబ్బరు దానికి పడదు, గట్టిపడి బీటలిస్తుంది. ఇక ఏఎన్ ఫిటింగులు. అమెరికా సైన్యం, నౌకాదళం వాడిన కొలతల పేరే అది, ఆర్మీ నేవీ. ఆరో నెంబరంటే అంగుళాన్ని పదహారు చేస్తే అందులో ఆరు భాగాలు. వాటి ముక్కు 37 డిగ్రీల వాలు. ఫ్రిజ్ రిపేరు షాపులో దొరికే ఇత్తడి ఫిటింగుకు 45 డిగ్రీలు. కొన్ని సైజుల్లో మర కూడా కలిసి, చక్కగా బిగుసుకుంటుంది. చక్కగా కారుతుంది కూడా. ఈ ముక్కులకు తెల్లటి టేపు చుట్టకండి. లోహం లోహానికి ఆనుకుని ఆపాల్సిన చోట టేపుకు పనిలేదు, తెగిన పోగులు వెళ్ళి ఇంజెక్టరు మూతికి అడ్డం పడతాయి. గేజి కూడా బానెట్ కిందే ఉండాలి. స్టీరింగు ముందు ముల్లు కదులుతుంటే చూడాలని పెట్రోలు పైపును కారు లోపలికి తెచ్చుకున్నవాళ్ళను చూశాను. అంత కోరిక ఉంటే కరెంటు సెన్సారు పెట్టుకోండి, లోపలికి తీగ మాత్రమే వస్తుంది.

పెట్రోలు సున్నాకు 40 డిగ్రీల కింద చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన మే నెల ఎండ సంగతి వేరే చెప్పాలా? ఆ ఆవిరి గాలి కంటే బరువు, షెడ్డు గోతిలో చేరి కూర్చుంటుంది. కాబట్టి పైపు విప్పే ముందు పంపు ఫ్యూజు లాగి, ఇంజను దానంతటదే ఆగేదాకా తిప్పి, రైలులో ఒత్తిడి దించాలి. తర్వాత బ్యాటరీ తీగ విప్పాలి. మంటలార్పే సిలిండరు చేతికందే దూరంలో ఉండాలి.

చట్టం మాట కూడా చెప్పాలి. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే అన్నది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని రాశారు. మావాడి బండి ట్రాకుకు లారీ మీద వెళ్తుంది, లారీ మీదే వస్తుంది.

మీ ఇంట్లో బండి మాడిఫై చేసినదైనా కాకపోయినా, పదేళ్ళు దాటినదైతే నాదొక మనవి. ఈ ఆదివారం ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, పెట్రోలు పైపులను చేత్తో ఒకసారి తడిమి చూడండి. బీట కనిపించినా, వేలికి చెమ్మ తగిలినా, పెట్రోలు వాసన వచ్చినా తాళం తిప్పకండి. మెకానిక్కునే మీ ఇంటికి పిలిపించండి.